చివరి కవి, శాలువాల మూట

కవిత్వం రాసి చెడిపోయినవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒకే ఒక్క కవిత చదివి, పెద్దపెద్ద కవులకు బస్సు తప్పించి, కన్వీనరుకు బీపీ తెప్పించి, టెంటుహౌసు వాడి చేత దండం పెట్టించుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఆ ఉగాదికి ఆత్మకూరులో జరిగిన అనర్థమంతా ఎవరి సాయమూ లేకుండా నా చేతులారా చేసుకున్నదే.

అప్పుడు నేను ఉదయగిరిలో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు అయ్యవారిని. పేరు ప్రభుదాసు. మా పాస్టరుగారు నాకో సంబంధం చెప్పారు. అమ్మాయి పేరు సునీత. కలువాయిలో సచివాలయం ఉద్యోగం. వాళ్ళ నాన్న యేసురత్నంగారు రిటైరైన బస్సు కండక్టరు. ఆయన ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు.

"బాబూ, నువ్వు కవితలు రాస్తావంట గదా. మా అమ్మాయి పెళ్ళిచూపులకంటే ముందు నువ్వు స్టేజీ మీద చదివేది చూడాలంటా ఉండాది. యాడన్నా ఉందా?"

ఉందా అంటే, ఉంది! ఉగాదికి ఆత్మకూరులో కవిసమ్మేళనం. నా దగ్గర 'ఓ ఉదయగిరీ, మేలుకో!' అనే దీర్ఘకవిత సిద్ధంగా ఉంది. మా నాయన దాన్ని మూడో పేజీ దాకా విని, గొర్రెలకు మేత వెయ్యాలని లేచి పోయాడు. మాకు గొర్రెలు లేవు. అయినా నేను పట్టు వదల్లేదు. ఈ కవితతోనే ఆ అమ్మాయిని గెలవాలి, గెలిచి తీరాలి అనుకున్నాను.

ఉగాది పొద్దున హాలుకు పోయేసరికి కన్వీనరు సుబ్బయ్య మాస్టారు పేర్లు రాసుకుంటున్నారు.

"నీది నాలుగో నంబరు అబ్బయ్యా," అన్నారు.

"వద్దు సార్. నన్ను చివర్లో పెట్టండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని నన్ను చూశారు. "చివర్లోనా? నువ్వే అడగతా ఉండావా, ఎవరన్నా అడగమన్నారా?"

"నేనే సార్."

"ఇంట్లో అంతా బాగుండారు గదా?"

ఎందుకలా అడిగారో నాకు అర్థం కాలేదు. తప్పు నాది కాదండీ, మా చర్చిది. మా క్రిస్మస్ ప్రోగ్రాంలో మొదట చిన్నపిల్లలు చేతులు కట్టుకొని వాక్యాలు చెబుతారు. తర్వాత పాటలు, కోలాటం. అన్నిటికంటే గొప్పదైన పెద్ద నాటకం చివర్న. పాస్టరుగారి ఆశీర్వాదం అయ్యేదాకా ఒక్కరు లేవరు. లేస్తే కేకు ముక్క ఉండదు. పుట్టినప్పటినుంచీ అది చూసినవాణ్ణి, నాలుగో నంబరులో చదవమంటే చేతులు కట్టుకొని వాక్యం చెప్పమన్నట్టే అనిపించింది.

అసలు చివరి నంబరు సంగం ఊరి నుంచి వచ్చిన ఓ పెద్దకవిది. ఈ మార్పు విని ఆయన పరుగున వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "నువ్వు మనిషివి కాదబ్బయ్యా, దేవుడివి!" అన్నాడు. ఇంకో ఇద్దరు కవులు నా తలమీద చెయ్యి పెట్టి దీవించారు. ఆహా, చిన్నవాణ్ణయినా ఎంత గౌరవం అనుకున్నాను. చూశారా నా తెలివి!

కొత్తవాళ్ళకు చెబుతున్నాను, కవిసమ్మేళనంలో వినేవాళ్ళు వేరే ఉండరు. చదివేవాళ్ళే వినేవాళ్ళు. తన వంతు వచ్చేదాకా ప్రతి కవీ తల ఊపుతాడు, చదువుతాడు, భుజాన శాలువా పడగానే ఫోన్ చెవికి పెట్టుకొని "ఆ, చెప్పు చెప్పు" అంటూ బయటికి నడుస్తాడు. ఇక తిరిగి రాడు. నన్ను దేవుడన్న సంగం కవిగారు నాలుగో నంబరులో చదివి, శాలువాతోనే బస్సెక్కేశాడు.

సగం సభ అయ్యేసరికి సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసలో సునీత, వాళ్ళ నాన్న. ఆ అమ్మాయి ప్రతి కవితా చెవులు రిక్కించుకొని వింటోంది. వాళ్ళ నాన్న మాత్రం పాత అలవాటు కొద్దీ దిగిపోయేవాళ్ళను లెక్కపెడుతున్నాడు.

"మాస్టారూ, వెళ్ళిపోతున్నారు!" అన్నాను.

"పోతారు గదా," అన్నారు సుబ్బయ్య మాస్టారు.

"నేను చదివేటప్పుడు ఎవరుంటారు?"

"నేనుంటా. హాలు తాళం ఇయ్యాల గదా."

ఖాళీ కుర్చీలకు చదివేవాడికి ఎవరైనా పిల్లనిస్తారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, అసలు వినేవాడే లేకపోతే? పట్టుదల అనేది మంచివాళ్ళలో గుణం, నాలాంటివాళ్ళలో రోగం. స్టేజీ పక్కనున్న శాలువాల మూటను మెల్లగా నా కుర్చీ దగ్గరికి లాగి, దానిమీద కూర్చున్నాను.

తర్వాతి కవి చదవడం ముగించి, మెడ వంచి నిలబడ్డాడు. వంచిన మెడ వంచినట్టే ఉంది. శాలువా రాలేదు.

"శాలువాలేవిరా?" అన్నారు మాస్టారు.

"నా కింద ఉండాయి సార్. నా కవిత అయినాక అందరికీ ఒకేసారి కప్పుదాం. నిండుగా ఉంటుంది."

హాలంతా గొల్లుమంది. "ఏందిరా ఇది?" "దౌర్జన్యం!" "లేపండిరా వాణ్ణి!" అన్నారే గానీ ఒక్కరూ కదల్లేదు. శాలువా లేకుండా ఇంటికి పోతే సమ్మేళనానికి పోయొచ్చామని ఇంట్లోవాళ్ళు నమ్మరు మరి. మిగిలిన కవులందరూ కట్టేసిన కోళ్ళలాగా కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. మూట చంకన పెట్టుకొనే మైకు ముందుకు వెళ్ళాను.

"ఓ గిరీ! ఓ దరీ! ఓ ఝరీ!"

మర్రిపాడు నుంచి వచ్చిన ముసలి కవిగారు లేచి నిలబడ్డారు. "అబ్బయ్యా, ఉదయగిరిలో ఝరి యాడ ఉండాదిరా? తాగే నీళ్ళకే ట్యాంకరు వస్తా ఉండాది గదా!"

"అది కవిసమయం అయ్యా."

"నాకు బస్సు సమయం నాయనా!"

నేను ఆగలేదు. మొదటి పేజీ అయ్యేసరికి ఆయనకో ఉపాయం తట్టినట్టుంది, గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఎవరైనా అంత గట్టిగా చప్పట్లు కొడితే చదివేవాడు దండం పెట్టి దిగిపోవాలి, అది మర్యాద. కానీ చప్పట్లు పడ్డ చరణాన్ని మళ్ళీ చదవడం కూడా సంప్రదాయమే కదండీ!

"ధన్యవాదాలు! మీ కోరిక మీద మొదటి పేజీ మళ్ళీ చదువుతాను."

చప్పట్లు టక్కున ఆగిపోయాయి. తర్వాత ఎవరో అలవాటు కొద్దీ చేతులు ఎత్తితే పక్కవాడు పట్టుకొని కిందికి లాగాడు. బయట మర్రిపాడు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన దాన్ని కిటికీలోంచి కనపడినంత దూరం చూశారు. నాకు జాలేసింది. అయినా చదివాను.

"మేలుకో!" అని చివరి కేక వేసేసరికి నిద్రపోతున్నవాళ్ళు మేలుకున్నారు. మేలుకొని నామీద పడ్డారు. నామీద అంటే మూట మీద. ఎవరి శాలువా వాళ్ళే కప్పుకున్నారు, కొందరు రెండేసి కప్పుకున్నారు. చిటికెలో హాలు ఖాళీ. నా భుజాన కూడా ఎవరో పుణ్యాత్ముడు ఒకటి విసిరి పోయాడు. టెంటుహౌసు మస్తాన్ నాకు దండం పెట్టి, "అన్నా, అయిపోయినట్టేనా? కుర్చీలు తీసుకుంటా," అన్నాడు.

"ఉండు మస్తాన్," అన్నారు సుబ్బయ్య మాస్టారు నీరసంగా. "ఇంకో పేరుండాది. కుమారి సునీత, కలువాయి."

నేను నోరు తెరిచాను. "నేను కదా చివర?"

"మీరు చివరంటే మీ వెనక నా పేరు రాయించినానండీ," అంది సునీత స్టేజీ ఎక్కుతూ. "పెద్ద అంశం చివర్నే గదా. మా చర్చిలో అంతే."

అలా ఇంకో అమాయకురాలు దొరికింది. వాళ్ళ నాన్నను, మాస్టారిని వదిలేస్తే వినడానికి మిగిలింది నేనొక్కణ్ణే. మస్తాన్ కుర్చీలన్నీ తీసేసి, నేను కూర్చున్నది మాత్రం వదిలాడు. ఆ అమ్మాయి చేతిలో కాగితం కూడా లేదు.

"అవ్వ మేకల్ని పేరు పెట్టి తిట్టేది,
మమ్మల్ని మాత్రం 'ఒసే' అనేది.
అవ్వ పోయిన రోజు సాయంత్రం
పేరు పెట్టి తిట్టేవాళ్ళు లేక
మేకలు దొడ్డికి దారి మరిచిపోయినాయి."

ఇంకా చాలా ఉంది. నిజం చెప్పొద్దూ, బాగుంది. అదే నా బాధ. నా గిరి, దరి, ఝరి మొత్తం కలిపినా ఆ ఒక్క మేక ముందు నిలవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం వాళ్ళ అవ్వ కోసం, సగం నాకోసం. అయిపోయాక మూట దులిపితే శాలువా మిగల్లేదు. నాదే తీసి ఆమెకు కప్పాను.

యేసురత్నంగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, సంబంధం ఖాయం. ముహూర్తం పెట్టుకుందాం."

"నా కవిత అంత నచ్చిందా అండీ?"

"నీ కవితా? దాందేముండాదిలే. ఉద్యోగమున్నోళ్ళు దొరికినారు, ఇల్లున్నోళ్ళు దొరికినారు. కుదురుగా కూర్చొని వినేవాడు మాత్రం ఇన్నాళ్ళూ దొరకలా. నేనొక్కణ్ణే వింటా ఉండాను నాయనా, ఇంక నా వల్ల కాదు!"

"కానీ నేనూ కవినండీ," అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "అది మెల్లిగా తగ్గిపోతుందిలే."

తగ్గిపోయింది. కాబట్టి పాఠక మహాశయులారా, ఉదయగిరి కొండ సాక్షిగా, టెంటుహౌసు మస్తాన్ సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ సభలోనూ చివర చదవను. శాలువాల మూటను తాకను. చప్పట్లు వింటే దండం పెట్టి దిగిపోతాను. లేని ఝరిని ఉదయగిరిలో పారించను.

ఈ ప్రతిజ్ఞ రాయడం కాగానే మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "బాగుండాది గానీ ఆఖరి పేరా అంతా దండగ, కొట్టేయండి," అంది.

ఆ పేరాలో ఏముందో మీకు తెలియదు. కొట్టేశాను.