గాజు తలుపు వేసి మాట్లాడిన మాట

మా నాయన గొర్రెలు కాసినవాడు. ఈ గుట్ట మీద నిలబడి ఆ గుట్ట మీదున్న మనిషితో మాట్లాడటం ఆయనకు రోజూ ఉండే పనే. మనిషి ఎంత దూరంలో ఉంటే గొంతు అంత పెంచాలన్నది ఆయన లెక్క. సోమందేపల్లె ఎస్టీడీ బూత్‌కు వచ్చినా ఆ లెక్క మార్చుకోలేదు. హిందూపురానికి ఒక మోస్తరుగా మాట్లాడేవాడు. బెంగుళూరుకు మాత్రం మెడ నరాలు ఉబ్బేవి. ఇంట్లో మేమంతా ఆయనను చూసి నవ్వుకునేవాళ్ళం.

తొంభైల చివరి సంగతి. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. చిలమత్తూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో శ్రీమంతం జరిగితే నన్ను పిలిచేవాళ్ళు కాదు. పొద్దున్నే బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోతుంటే ఎదురొచ్చిన ఆడవాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. అప్పటి కరువులో ఎంతసేపు కొట్టినా బోరింగులో నీళ్ళు సన్నగా వచ్చేవి. నా వంతు రాగానే ఎవరో ఒకరు "నువ్వుండమ్మా, మా ఇంట్లో పిల్లోళ్ళు ఏడుస్తాండారు" అని ముందుకొచ్చేవాళ్ళు. నేను పక్కకు జరిగేదాన్ని. పిల్లలు లేని ఇంట్లో ఎవరికీ దాహం వెయ్యదు మరి!

చివరికి మా ఆయనా నేనూ ఎవరికీ చెప్పకుండా హిందూపురం పోయి పరీక్షలు చేయించుకున్నాం. లోపం ఆయనలో ఉందని డాక్టరమ్మ చెప్పింది. తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్కటే అడిగాడు. "ఎవురికీ చెప్పొద్దు. మీ నాయనకు గూడా." నేను సరేనన్నాను.

ఆ తర్వాత పుట్టింటికి పోయినప్పుడు, కదిరి వైపు ఎవరో నాటువైద్యుడు ఉన్నాడని, అక్కడికి తీసుకుపోతానని మా నాయన పట్టుబట్టాడు. అప్పటికే నాటుమందులు తాగీ తాగీ నా నాలుక చచ్చిపోయింది. ఇంకొకటి తాగే ఓపిక లేక నోరు జారాను. ఆయన "బెంగుళూర్లో పెద్ద డాక్టర్లు ఉండారు, ఆడుండే మీ అన్నను కనుక్కోమందాం పా" అని లేచాడు. ఎవరికీ వినపడకుండా మాట్లాడమని బూత్ దాకా దారి పొడవునా చెప్పాను.

పాపం, ఆయన చేయగలిగిందంతా చేశాడు. ఎండకు తాళలేక అందరూ తెరిచిపెట్టుకునే గాజు తలుపును లాగి వేశాడు. సరిగ్గా పడిందో లేదో నెట్టి చూశాడు. అప్పుడు ఫోను చేతికి తీసుకున్నాడు.

"మన పాపలో ఏం లోపం లేదంట్రా! అల్లునికంట! ఏందీ? ఇనపల్యా? అల్లునికిరా, అల్లునికి!"

బయట వరుసలో నిలబడినవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నేను అద్దం మీద చేత్తో కొట్టాను. ఆయన నా వైపు తిరిగి, తలుపు వేసే ఉంది చూడమని వేలితో చూపించాడు. అవతల మా అన్న మెల్లగా మాట్లాడమన్నట్టున్నాడు. "మెల్లగా మాట్లాడితే బెంగుళూరికి యాడ ఇనపడతాదిరా?" అని ఇంకా గట్టిగా అరిచాడు.

ఆ వరుసలో మా అత్తగారి ఊరి మనిషి ఒకాయన ఉన్నాడు. తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. నేను చూడగానే "బాగుండావామ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆయన ఏ పని మీద ఫోను చేయడానికి వచ్చాడో గానీ, తన వంతు దాకా ఆగలేదు. చిలమత్తూరు వైపు బస్సు రాగానే ఎక్కేశాడు.

మా నాయన చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి "ఒక్కరి చెవిన గూడా పడల్యామ్మా" అన్నాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన వెంట నడిచాను.

నేను అత్తగారింటికి చేరేసరికి ఊరంతా తెలిసిపోయింది. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ అంగడికి పోవడం మాత్రం మానేశాడు. అక్కడ నలుగురికీ పేపరు చదివి వినిపించేది ఆయనే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని లోలోపలే చదువుకునేవాడు.

మా అత్త నన్ను సాధించడం ఆపేసింది. బోరింగు దగ్గర ఒకామె నా బిందె అందుకుని ముందుగా నింపింది. "ఇన్నేండ్లు నోరు మూసుకోని పడినావు గదమ్మా" అంది. ఇంకొకామె జరిగి దారి ఇచ్చింది. మా ఆయన కోసం నేను ఏడవాలి. ఏడ్చాను కూడా. కానీ బిందె చంకన పెట్టుకుని తిరిగొస్తుంటే నా గుండెల మీది బరువు దిగినట్టుండేది. అది బయటపడకుండా గడప దగ్గరే ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్ళేదాన్ని.

కొన్నేళ్ళకు సెల్‌ఫోన్లు వచ్చాయి. ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు కూడా జేబులో పెట్టుకుని తిరిగారు. మా ఆయన కొనలేదు. ఓ మధ్యాహ్నం అన్నం పెడుతూ, మా నాయన మీద కోపం ఇంకా పోలేదా అని అడిగాను.

"మీ నాయన మింద నాకేం కోపం? పెద్దాయన, తెలీక అరిచినాడు. నీ మింద గూడా ల్యా. తాళలేక చెప్పింటావు" అన్నాడు. కంచంలోకి చూస్తూనే మళ్ళీ అన్నాడు. "అయితే ఆ పొద్దు నుంచి నువ్వు బోరింగు కాడికి తలకాయెత్తుకోని పోతాంటివి. ఈ అరుగు మింద నుంచి రోజూ చూస్తాంటి."

నా సంతోషం నా లోపలే ఉందని, ఎవరి కంటా పడలేదని అన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. పప్పు గిన్నె అందించడానికి నాకు చెయ్యి రాలేదు. సిగ్గుతో అక్కడే కూర్చుండిపోయాను.