జీవమ్మ, దీవుల ప్రయాణం

కడపలో కాలువ ఇంజనీరు దొర ఇంట్లో జీవమ్మకు ఆయా పని ఒక చీటీ మూలంగా దొరికింది. వేంపల్లె దగ్గరి ఆమె పాలెంలో క్రైస్తవ సంఘానికి ఉపదేశిగా ఉన్న ప్రేమయ్య అది రాసిచ్చాడు. ప్రాణం పోయినా ఈమె అబద్ధమాడదని అందులో ఉంది. ఆ సంగతి తనకెలా తెలిసిందో ఆయన రాయలేదు. చీటీని నమ్మి పదేళ్లుగా దొరసాని బీరువా తాళాలు జీవమ్మ చేతికే ఇస్తోంది.

1923 ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే అండమాను దీవులకు పోయి ఒక నెల ఉండి రావాలని దొరసాని అనుకుంది. దొర అన్న అక్కడ అడవుల శాఖలో పెద్ద ఉద్యోగి. వరండాలో బల్లమీద పటం పరిచి జీవమ్మను పిలిచింది.

"చూడు ఆయా. ఇసుక తెలుపు, పిండి మాదిరి. పిల్లలు నీళ్లలో ఆడతారు. నువ్వు చెట్టుకింద కూర్చో. పని లేదు."

నీలంరంగు మీద దీవులు తెగిన పూసలదండలా ఉన్నాయి. తమ్ముడు లేవి ఏ పూస మీద ఉన్నాడో జీవమ్మకు తెలియలేదు.

వంటింట్లో బట్లరు దావీదురాజు ఆమెను వదల్లేదు. "ఏమక్కా, దీవులకు పోతాండావంట! మనట్లాటోళ్లు ఆడికి పోవల్లంటే ఎవురినన్నా చంపి పోవల్ల. నీకు ఊరికే ఓడ ఎక్కిస్తాండారే!"

"నీ పని చూసుకోరా."

"సముద్రం నీళ్లు శానా ఉప్పంట. వచ్చేటప్పుడు ఒక కడవ తే. పప్పులోకి ఉప్పు మిగులుతాది."

అతనికి లేవి సంగతి తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పన్నెండేళ్ల కిందట నీళ్ల వంతు కోసం బావి దగ్గర గొడవైంది. లేవి కొడవలి దెబ్బకు ఒక ఆసామి మనిషి మూడోరోజు చనిపోయాడు. లేవి ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా రక్తం, నడినెత్తిన కట్టె దెబ్బ. ముందు కొట్టింది అవతలివాడు. చొక్కానూ గాయాన్నీ జీవమ్మే కడిగింది. గాయంలో పసుపు అద్దింది. లేవి రెండు నెలలు కొండల్లో దాక్కున్నాడు. దొరికేనాటికి గాయం మాని, జుట్టు కప్పేసింది.

కోర్టుకు పోయేముందు ప్రేమయ్య ఆమెకు మంచిమాటగానే చెప్పాడు: "అడిగినదానికే జవాబు చెప్పమ్మా. ఎక్కువ మాట్లాడితే నోట్లో అబద్ధం దొర్లుతాది." ఆమె అట్లాగే చేసింది. చొక్కాకు రక్తం ఉండిందా? ఉండింది. చేతిలో కొడవలి ఉండిందా? ఉండింది. ఆ రక్తం ఎవరిదని ఎవరూ అడగలేదు. చివర్లో లేవి తన తలకు తగిలిన దెబ్బ గురించి చెప్పుకుంటూ, వెనక బెంచీలో ఉన్న అక్కవైపు చూశాడు. పిలవకుండా లేవకూడదనుకొని ఆమె కూర్చునే ఉంది. వాడికి ద్వీపాంతర శిక్ష పడి, అండమానుకు పంపారు. ఆ ఆదివారమే ఆమె సత్యం చెప్పిందని సంఘమంతా మెచ్చుకుంది.

దీవుల నుంచి లేవి మూడు జాబులు రాయించాడు. బర్రె ఈనిందా, వానలు పడినాయా, జొన్నరొట్టె తిని ఎన్నాళ్లయిందో అని. గాయం మాట ఒక్కదాంట్లోనూ లేదు. ఉండి ఉంటే జీవమ్మ బదులు రాయించగలిగేదేమో. చివరి జాబు వచ్చి ఆరేళ్లయింది.

ఇప్పుడు జీవమ్మ దొరసాని ఈత గుడ్డలు, గడ్డిటోపీలు, మడతకుర్చీలు పెట్టెల్లో సర్దుతూ, తన మూటలో అడుగున రెండు శేర్ల జొన్నపిండి పెట్టుకుంది. వాడు కనబడగానే ఏం అనాలో లోలోపల అనుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకసారి, ఇసుకమీద కాళ్లు చాపుకొని కూర్చుంటే అలలు వచ్చి తాకుతున్నట్టు తోచింది. హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గుపడి, మూట గట్టిగా బిగించి కట్టింది.

మరునాడు దొర అనుమతి కాగితాలు ముందు వేసుకొని ఆమెను పిలిచాడు.

"ఆయా, ఒక ప్రశ్న. అక్కడ ఖైదీల్లో నీ బంధువులు ఉన్నారా? ఉంటే దిగనివ్వరు. లేరు అని రాస్తాను."

కలం అప్పటికే కాగితానికి ఆనింది. ఊరుకుంటే చాలు. ఓడ ఎక్కవచ్చు, వాడిని చూడవచ్చు.

"ఉండాడు దొరా. నా తమ్ముడు."

దొర తలెత్తాడు. ఆమె ఆగలేదు. "వాని తలకాయ పగిలి ఉండింది దొరా. ముందు కొట్టింది వాడు కాదు. ఆ దెబ్బ నేనే కడిగినా. కోర్టులో నన్ను అడగలేదు, నేను చెప్పలేదు."

దొర కాగితంలోని ప్రశ్నమీద వేలు పెట్టాడు. "ఇందులో ఉన్నారా లేరా అనే అడిగారు," అన్నాడు. "మిగతాది రాయడానికి చోటు లేదు." ఉన్నారు అని ఒక్కమాట రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లాడు.

సాయంత్రం దొరసాని తాళాలు అడిగి తీసుకుంది. కోపంగా కాదు. పిల్లలతో ఇల్లూడ్చే సంతోషమ్మ పోతుందని చెప్పింది.

జీవమ్మ జరిగిందంతా చెప్పి, పిండి మూటనూ, పాత జాబునూ సంతోషమ్మకు ఇచ్చింది. "ఈ జాబు చూపించి అడుగు. ఎవురన్నా చెప్తారు."

"ఆయప్ప కనపడకపోతే?"

"పిండి నువ్వే తిను."

"కనపడి, మీ యక్క ఏమన్నా చెప్పిందా అని అడిగితే?"

"వాడు అడగడు," అంది జీవమ్మ. "అడక్కపోయినా చెప్పు. గాయం సంగతి మా యక్క చెప్పిందని చెప్పు. ఎవురికి చెప్పింది, ఎప్పుడు చెప్పింది, అదీ దాచొద్దు."

తర్వాత ఆమె దొరసాని పెట్టె మూత వేసి, టోపీలు నలగకుండా తాడు కొంచెం వదులుగా కట్టింది.