మామ్మ కన్ను, నాన్న క్లచ్చు

మా చిన్నప్పుడు... ఖరగ్‌పూర్‌లో, సాలువా వైపు వెళ్లే రోడ్డు మీద, మా నాన్న శెట్టిగారి కారుని తిన్నగా తుప్పల్లోకి తోలేశాడు. మలుపు వచ్చింది... కారు తిరగలేదు! వెనక సీట్లో అమ్మా నేనూ ఒకరి మీద ఒకరు పడ్డాం.

"డ్రైవర్ గారూ! రోడ్డుకి పట్టాలుండవండీ బాబూ... చక్రం మీరే తిప్పుకోవాలి!" అని పక్కన కూర్చున్న శెట్టిగారు లబోదిబోమన్నారు.

అవునండీ, మా నాన్న డ్రైవరే. కాకపోతే గూడ్సు బండికి. ఆవిరి ఇంజను నడిపే మనిషికి జన్మలో చక్రం తిప్పే పని పడలేదు. కారు కదిపే ముందు ఈల వెయ్యడానికి చెయ్యి దానంతటదే పైకి వెళ్లేది. బ్రేకేమో ఫర్లాంగు దూరం నుంచే వేసేవాడు. అవన్నీ నాలుగు రోజుల్లో సర్దుకున్నాయి. క్లచ్చు ఒక్కటే లొంగలేదు... కాలు తీయడం ఆలస్యం, కారు కప్పలా గెంతి చతికిలబడేది.

నవ్వుకుంటున్నారు కదూ? మా ఇంట్లో అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

మా మామ్మకి, అంటే నాన్న వాళ్లమ్మకి, ఒక కన్ను ఎప్పుడో పోయింది. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో ఎవడో నాటువైద్యుడి చలవ! మిగిలిన ఆ ఒక్క కంటికీ శుక్లం కమ్మితే ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, కదలకుండా పడుకోబెట్టేవారు. దగ్గినా భయమే, తుమ్మినా భయమే.

ఇంటికి తీసుకెళ్లే సంగతి బెంగాలీ డాక్టరుగారు ముందే చెప్పారు. "ఝాకుని ఎక్‌దమ్ చొల్‌బె నా!" అని, అంటే కుదుపన్నది అస్సలు పనికిరాదని, నాన్నకి వేలు చూపించి మరీ చెప్పారు. కుదుపు తగిలితే కుట్టు విడిపోవచ్చట... ఆ కన్నూ పోవచ్చట.

మా ఇల్లేమో తాల్‌బగీచాలో. ఆ గోతుల దారిలో రిక్షా ఎక్కితే కళ్లున్నవాళ్లకే కళ్లు తిరిగేవి. మలంచాలో కిరాణా కొట్టున్న శెట్టిగారు, పాపం, తన పాత కారు ఇస్తానన్నారు. కానీ ఆయన డ్రైవరు మానేశాడు. ఆయనకేమో మోకాలు వాచి క్లచ్చు తొక్కలేరు. "పక్కన కూర్చుని నేర్పుతాను, మీరే తోలండి" అన్నారు. అదీ సంగతి!

తుప్పల్లోంచి కారుని బయటికి తోసిన ఐదో రోజున, అందరం ఎక్కాక నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ గెంతింది. అమ్మ తల వెళ్లి తలుపుకి కొట్టుకుంది.

"ఏటండీ! గూడ్సు బండి కూడా ఇలాగే లాగుతారేటి? అలాగైతే ఎనకాల గార్డుబాబు బతికి బట్టకడతాడేటి?" అంది అమ్మ, తల రుద్దుకుంటూ.

నాన్నకి ముక్కు మీదే కోపం. గయ్యిమంటాడని నేను సీట్లో ముడుచుకుపోయాను. నాన్నేమో వంగి క్లచ్చు వైపు చూశాడు.

"లేదే... గూడ్సుని అలాగ లాగం. ముందు సిన్నగా కదుపుతాం. పెట్టెల మధ్య గొలుసులు ఒకటెనక ఒకటి బిగుసుకోవాల. అప్పుడే ఆవిరి పెంచుతాం. లేకపోతే గొలుసు తెగిపోద్ది" అన్నాడు.

అని, క్లచ్చు మీంచి కాలు మెల్లగా తీస్తూ తీస్తూ... ఇంజను చప్పుడు కాస్త బరువెక్కగానే అక్కడే ఆపేశాడు. "ఇదిగో... ఇక్కడ బిగిసింది" అని గొణుక్కున్నాడు. ఇంకాస్త తీశాడు. కారు కదిలింది! శెట్టిగారు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

మామ్మని తెచ్చే రోజు రానే వచ్చింది. కంటికి కట్టుతో, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెనక సీట్లో పడుకుంది. నేను కింద ఇరుక్కుని కూర్చుని కాళ్లు పట్టుకున్నాను. సింహాద్రి అప్పన్నకీ మొక్కాను, కాళీ మాతకీ మొక్కాను. దారి పొడవునా ఆవులు, రిక్షాలు, సైకిళ్లు... ఆపడం, మళ్లీ కదపడం, ఆపడం, మళ్లీ కదపడం. నాన్న చొక్కా వీపంతా తడిసి ముద్దయింది.

ఉన్నట్టుండి మామ్మ విసుక్కుంది. "ఒరే నారాయుడా! ఎంతసేపురా ఇలాగ పడుకోబెడతారు? బండి ఎప్పుడు కదుపుతావేటి?"

"అత్తా... సగం దూరం వచ్చీసినాం!" అంది అమ్మ.

నాన్న వెనక్కి తిరగలేదు. ఇంటి ముందు ఆపి, స్టీరింగు మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చేశాడు. మా నాన్న ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

కట్టు విప్పిన రోజు మామ్మ చాలాసేపు కన్ను ఆర్పుతూ, ఆర్పుతూ నాన్న వైపే చూసింది. "ఏట్రా... ఇంతలాగ సిక్కిపోనావు?" అంది. హమ్మయ్య! ఎంత హాయో ఆ మాట... ఇప్పుడు రాస్తుంటే కూడా గుండె తేలికైపోతోంది.

ఇప్పుడు పొద్దున్న ఆపరేషన్, మధ్యాహ్నానికి ఇంట్లో టీవీ ముందు. మా అబ్బాయి కారుకైతే అసలు క్లచ్చే లేదు. మంచిదే, కాదనను... ఎవరికీ ఆ భయం వద్దు. కానీ ఒక మనిషి కంటి కోసం ఇంటిల్లిపాదీ అలా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం కూడా ఎక్కడా కనబడటం లేదు...

మీ ఇంట్లో కూడా ఎవరి కోసమో ఎవరో చేతకాని పనిని పంతం పట్టి నేర్చుకునే ఉంటారు. వాళ్ల సంగతి చెప్పండి... వినాలనుంది.