ప్లాస్టిక్ షీట్ల మీద ఉస్తాద్ అక్షరం

మొన్న మా మనవరాలు కాలేజీలో ఏదో ప్రెజెంటేషన్ ఇవ్వాలని కంప్యూటర్ ముందు కూర్చుంది. వెనక నిలబడి చూద్దును గదా, మొదటి స్లైడులో శీర్షిక నీలం, రెండోదాంట్లో ఎరుపు, మూడోదాంట్లో అక్షరాలు పెళ్లిపందిరి దీపాల్లా మిలమిలలాడుతున్నాయి. వాళ్ల తాతనైన నేను ఒకప్పుడు ఇదే పనితో ఇల్లు నడిపానని పాపం దానికేం తెలుసు. నేను నోరు తెరిచేలోపే ఏదో నొక్కింది, అన్నీ బుద్ధిగా ఒక్క తీరుకి వచ్చేశాయి. భేష్ అన్నాను గానీ, నా మనసు అప్పటికే కువైట్‌లోని అహ్మదిలో ఉంది.

మా కడప వాళ్లు ఆ రోజుల్లో ఎక్కువగా డ్రైవర్లుగానో, ఇళ్లల్లో పనికో కువైట్ వెళ్లేవాళ్లు. నేను డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకున్న పుణ్యమా అని, అహ్మదిలో చమురు పైపులైన్లు మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగ్ సెక్షన్‌లో చేరాను. పెద్ద పనులు దక్కాలంటే చమురు కంపెనీ అధికారుల ముందు ప్రొజెక్టర్ పెట్టి, ఇదివరకు మేం చేసిన పనులన్నీ గోడ మీద చూపించాలి. దానికోసం పలచటి ప్లాస్టిక్ షీట్ల మీద పెన్నుతో బొమ్మ గీసి, ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు అరబ్బీ రాసేవాళ్లం. బొమ్మలూ ఇంగ్లీషూ నావి, అరబ్బీ మా ఈజిప్టు ఖత్తాత్‌ది, అంటే అందంగా అక్షరం రాయడమే వృత్తి అయినవాడిది; మేమంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన అక్షరం రాస్తుంటే పక్కనున్నవాళ్లు టీ చల్లారిపోయేదాకా చూస్తూ ఉండిపోయేవాళ్లు.

నాకొక పిచ్చి ఉండేది. షీటు మారినా గోడ మీద శీర్షిక వెంట్రుకవాసి కదలకూడదు, అంచు అంచు మీదే పడాలి, నీలం అంటే ఒకే నీలం. సెట్టు పూర్తయ్యాక షీట్లన్నీ దొంతరగా పేర్చి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాణ్ణి. వరసలు కలిస్తే సరే, ఏ ఒక్కటి పక్కకి తొంగిచూసినా అది మళ్లీ గీయాల్సిందే. సెక్షన్‌లోని తెలుగువాళ్లు నన్ను అంచుల సాయిబు అని ఏడిపించేవాళ్లు. ఉస్తాద్ మాత్రం నవ్వేవాడు కాదు. తన అక్షరాలు కూడా ఆ దొంతరలో కలిశాయో లేదో చూడమని తనే అడిగేవాడు.

అలాంటి ఒక పెద్ద సెట్టు సిద్ధమవుతున్న 1990 ఆగస్టు నెలలోనే కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఆ రోజుల భయం మనవాళ్లందరూ పడ్డదే, మళ్లీ చెప్పేదేముంది. కాస్త సద్దుమణిగాక నేనూ, మా హైదరాబాద్ పెద్ద ఇంజనీరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్తే అద్దాలు పగిలి, బీరువాలు బోర్లాపడి ఉన్నాయి. సైనికుల బూట్ల కింద నలగకుండా మిగిలిన షీట్లు సగమే. ఉస్తాద్ అప్పటికే ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు. ఆ సగాన్నీ లుంగీల మడతల్లో దాచి, బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ బాట పట్టాను. దారిలో ఒక సైనికుడు పెట్టె తెరిపించి, ఒక షీటు తీసి ఎండకి పట్టుకుని చూశాడు. గీతలు తప్ప వాడికేమీ అర్థం కాలేదు కాబోలు, యల్లా, ఇక పొమ్మని పెట్టె కాలితో తోశాడు.

కువైట్ విడుదలయ్యాక, కడపలో ఖాళీగా కూర్చున్న నాకు, హైదరాబాద్ చేరుకున్న ఇంజనీరు ఫోన్ చేశాడు. కంపెనీకి మళ్లీ పని దొరికే అవకాశం వచ్చింది, పాత సెట్టు మొత్తం చూపించాలి, పోయిన షీట్లు మళ్లీ గీయాలి. సెట్టు అతుకులబొంతలా కనబడితే కంపెనీలో మనుషులే మిగల్లేదనుకుంటారు, పని ఇంకొకరికి పోతుంది, మాలో ఒక్కరికీ వీసా రాదు.

"పాతదేదో కొత్తదేదో చూసినోళ్లకు తెల్వద్దు భాయ్. తెలిసిందంటే మనం ఖలాస్," అన్నాడాయన.

హైదరాబాద్ నుంచి షీట్లూ పెన్నులూ పంపించాడు, తన దగ్గరున్న చిత్తు ప్రతులతో సహా. బొమ్మలకీ ఇంగ్లీషుకీ భయం లేదు. అరబ్బీ సంగతేమిటి? చిన్నప్పుడు మదర్సాలో ఉర్దూ దిద్దినవాణ్ణే కదా, లిపి ఒకటే కదా అనుకుని ధీమాగా రాసేశాను. అలవాటు ప్రకారం పాతవీ కొత్తవీ పేర్చి మా మిద్దె కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. అంచులు కలిశాయి, శీర్షికలు కలిశాయి. నా అరబ్బీ మాత్రం పక్కకి వాలిపోయి, ఉర్దూ వేషం వేసుకుని నిలబడింది. నాలుగూ ఆరూ అంకెలైతే మరీ అన్యాయం. అక్కడి నాలుగు వేరు, మన ఉర్దూ నాలుగు వేరు. కువైట్‌లో అన్నేళ్లు కార్ల నంబర్లు చూసినా, చేతికి మాత్రం కడప మదర్సా పంతులు నేర్పిందే వచ్చింది.

నా భార్య తొంగిచూసి, "నాలుగు నాలుగే గదా. ఆడ కూచున్నోళ్లు పైపులు చూస్తారా, నీ అంకెలు చూస్తారా?" అంది. తను అన్నదాంట్లో తప్పేమీ లేదు, కానీ నాకు నిద్రపట్టేట్టు లేదు.

అప్పుడు ఒక ఉపాయం తట్టింది. ఉస్తాద్ రాసిన పాత షీటు కింద పెట్టి, దాని మీద కొత్త షీటు పరిచి, ఆయన అక్షరాన్నే దిద్దడం మొదలుపెట్టాను. కావలసిన అక్షరం ఒక షీటులో లేకపోతే ఇంకొకదాంట్లో వెతకాలి. ఎక్కడా దొరకనివాటికి ఒకచోటి నుంచి వంపూ, ఇంకొకచోటి నుంచి తోకా తెచ్చి కలపాలి. ఆయన పెన్ను ఎక్కడ ఒత్తేవాడో, ఎక్కడ తేలిపోయేవాడో, పక్కన కూర్చుని అన్నేళ్లు చూసినా తెలియనిది ఆ రోజుల్లో తెలిసింది. ఆ సెట్టు పూర్తిచేసి దొంతర ఎత్తి పట్టుకున్నప్పుడు కలిగిన గర్వం నాకు ఈ జన్మలో ఇంకెప్పుడూ కలగలేదు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మా ఇద్దరికి మాత్రం కొద్దిరోజుల వీసా దొరికి మళ్లీ అహ్మది చేరేసరికి, కాలుతున్న చమురు బావుల పొగకి పట్టపగలే లైట్లు వెలుగుతున్నాయి. చమురు కంపెనీ అధికారుల ముందు ఇంజనీరు మాట్లాడుతుంటే నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడి ఒక్కొక్క షీటే మార్చాను. గోడ మీద శీర్షిక కదల్లేదు. చివరి షీటు, అంటే ఆ ఏటి తారీఖు వేసి నేను కడపలో దిద్దినది, గోడ మీద పడ్డప్పుడు అధికారుల్లో పెద్దాయన చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆయన గోడవైపు కాసేపు చూసి, అరబ్బీలో మెల్లగా అన్నాడు.

"మీ ఈజిప్టు ఖత్తాత్ క్షేమంగా ఉన్నాడన్నమాట. అల్‌హందులిల్లా. ఆయన చేతిరాత నాకు తెలుసు."

ఇంజనీరు నావైపు చూశాడు. నిజం చెబితే సెట్టు అతుకని తేలిపోతుంది. అయినా ఒక మనిషి క్షేమం గురించి అబద్ధమెలా చెప్పను? ఆయన రాలేదు సార్, ఆయన అక్షరం మాత్రం వచ్చింది, దాని మీద నేను దిద్దాను అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. పెద్దాయన లేచి గోడ దగ్గరికి వెళ్లి, ఆ అక్షరాలను దగ్గరగా చూసి, వచ్చి కూర్చున్నాడు. పని మాకే వచ్చింది. సెక్షన్‌లో మిగిలినవాళ్లకీ వీసాలు వచ్చాయి. ఉస్తాద్ జాడ మాత్రం తెలియలేదు. అలెగ్జాండ్రియాలో చూశామని ఒకరన్నారు, కాదని ఇంకొకరన్నారు.

ఇప్పుడు కంప్యూటర్లో అన్ని అక్షరాలూ ఒక్క తీరుగానే పుడుతున్నాయి, మంచిదే, కంటికి హాయిగానే ఉంది. అయితే గోడ మీద అక్షరం చూసి, అది రాసినవాడు క్షేమమేనా అని అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?