వాన పెండ్లి ఏ ఫోల్డర్లో ఉంది?

కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు తీసే కంపెనీలో చేరిన మొదటి రోజు, హార్డ్ డిస్క్ తెరిచి చాలాసేపు నవ్వుకున్నాను. ఫోల్డర్ల పేర్లు ఇలా ఉన్నాయి: కుక్క పెండ్లి, వాన పెండ్లి, మామ అలిగిన పెండ్లి, మళ్ల మామ అలిగిన పెండ్లి. ఇంకొకటి ‘ఫైనల్’. దాని లోపల ‘అసలు ఫైనల్’. దాని లోపల ‘గిదే ఫైనల్, ముట్టద్దు’.

ఈ పేర్లు పెట్టింది అక్కడి పెద్ద ఎడిటరు. నడుము నొప్పితో కెమెరా దించి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. అందరూ అన్న అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఎవరికి ఏ వీడియో కావాలన్నా ఆయన్నే అడగాలి. కాసేపు కళ్లు మూసుకుని, ఏదో ఒక డిస్క్ తీసి చేతిలో పెట్టేవాడు. ఆయన సెలవు పెడితే కంపెనీకీ సెలవే. అది కుదరదనే కంపెనీ ఓనరు, మా సారు, నన్ను పెట్టుకున్నారు. పెట్టుకున్నారంటే, పూర్తిగా కాదు.

“రెణ్నెల్లో మూణ్నెల్లో కాదు మేడం, ఒక్క నెల చూద్దాం,” అన్నారు. “ఎవలు ఫోన్ చేసినా, ఆఫీసుల ఎవలున్నా, ఐదు నిమిషాలల్ల వీడియో దొరకాలె. దొరికితే మీ కొలువు పక్కా. లేకుంటే ఏమనుకోవద్దు.”

ఆ ఉద్యోగం నాకు కావాలి. పెళ్లయి ఆదిలాబాద్ నుంచి వచ్చాక ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. పాప బడికి పోతోంది, నాకేమో గోడలు మీద పడుతున్నట్టుంది. మా అత్తమ్మ మాత్రం నవ్వింది. “దీని వీడియోల పిచ్చి పెండ్లినాడే బయటవడ్డది,” అంది. మా పెళ్లి తీసింది కూడా ఈ కంపెనీయే. సరిగ్గా పుస్తె కట్టే వేళకు కెమెరాలో కార్డు నిండిపోతే, అది మార్చేదాకా నేనే పెళ్లి చేసే అయ్యగారిని ఆపాను. కోడలికి మొగుడి కంటే వీడియో ముందని ఆమె ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

పెళ్లికి ముందు ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు ఆఫీసులో పనిచేశాను. అక్కడ ప్రతి పత్తి బేలుకూ ఒక నంబరు, ఒక తేదీ. గోదాములో ఏ మూల ఏ బేలుందో కుర్చీలోంచి లేవకుండా చెప్పేదాన్ని. ఇక్కడా అదే పద్ధతి అనుకున్నాను. తేదీ, ఊరు, కార్యం, కెమెరా నంబరు. అంతే.

“గివి పత్తి బేళ్లు గావు చెల్లె, పెండ్లిళ్లు,” అన్నాడు అన్న.

“పెండ్లికి తేదీ ఉంటది గద అన్నా.”

“ఉంటది. పెండ్లైనోళ్లకు తప్ప ఎవలికి యాదికుంటది?”

నేను వినే రకం కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని. బతుకమ్మ సెలవుల్లో ఆఫీసు ఖాళీగా ఉంటే, రెండు రోజులు కూర్చుని, ఫైళ్ల తేదీలూ బిల్లు పుస్తకమూ చూసుకుంటూ ఫోల్డర్లన్నిటికీ పేర్లు మార్చేశాను. తెర మీద అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. తాళం వేసి, ఇంటికి పోయి, పూలు పేర్చుకుని హాయిగా బతుకమ్మ ఆడాను.

సెలవులయ్యాక ముగ్గురు ఎడిటర్లూ కంప్యూటర్లు తెరిచారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు పాత పేర్లే తెలుసు. సగం పనైన ప్రతి పెళ్లీ తెర నిండా ఎర్రగా, ఫైలు లేదని చూపించింది. ముగ్గురూ నా వైపు తిరిగారు.

సారు ఊళ్లో లేరు. అన్న కుర్చీ లాక్కుని, ఒక్కో ఫైలుకూ కొత్త చోటు చూపించుకుంటూ పోయాడు. రెండు రోజులు పట్టింది. సారు వచ్చి పని ఎందుకు ఆగిందని అడిగితే, “కంప్యూటర్లు జర పరేషాన్ చేసినయి సార్,” అన్నాడు. సిగ్గుతో నేను తల ఎత్తలేదు. ఆయన నన్నెందుకు కాపాడాడో నాకు అర్థం కాలేదు.

నెల నిండే వారంలో నస్పూర్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. సారు స్పీకర్ పెట్టి, గోడ గడియారం వైపు చూశారు.

“మా బాపు బొగ్గు బాయిల పనిచేస్తడు అక్కా. ఐతారం రిటైర్మెంట్ ఫంక్షన్. ఎన్నడు నవ్వని మనిషి, మంథనిల ఎవలదో పెండ్లిల ఆడిండట. గది మీ కెమెరాల వడ్డదట. అందరికి చూపెట్టాలె.”

“ఎవరి పెండ్లి? ఎప్పుడు?”

“గది ఎరుకలే. దూరపు సుట్టాలది. వాన వడి టెంటు కూలిందట, గంతే.”

మంథని అని కొట్టాను. తేదీల వారీగా తెర నిండా పెళ్లిళ్లు. ఒక్కదాని మీదా వాన లేదు.

“వాన పెండ్లి,” అన్నాడు అన్న తన కుర్చీలోంచి.

“దాని కొత్త పేరేంది?” అని సారు అడిగారు.

అన్నకు తెలియదు. నాకూ తెలియదు. పాత పేరు ఆయన దగ్గరుంది, కొత్త పేరు నా దగ్గరుంది. ఏది ఏదిగా మారిందో నేనెక్కడా రాసుకోలేదు. బేలు నంబరు మార్చినప్పుడు పాత నంబరు పక్కన రాయాలని మిల్లులో అందరికీ చెప్పింది నేనే.

వానంటే శ్రావణమే అనుకుని ఆ నెల తేదీలు మాత్రం ఏరాను. అన్న పక్కన కూర్చుని, ఒక్కోటి తెరిచి చూసి, కాదు, కాదు అన్నాడు. చివరికి దొరికింది. కూలిన టెంటు ముందు, ప్లాస్టిక్ కుర్చీని తల మీద గొడుగులా పెట్టుకుని ఒక పెద్దమనిషి వానలో ఎగురుతున్నాడు. ఆఫీసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు, తర్వాత గడియారం చూపించారు.

“గంట వట్టింది మేడం.”

అన్న లేచి నిలబడ్డాడు. “సార్, ఆమె తాన తేదీలున్నయి, నా తాన ముచ్చట్లున్నయి. ఇద్దరికి కలిపి ఇంకో నెల ఇయ్యిండ్రి. గప్పుడు కాకుంటే ఇద్దరం పోతం.”

ఆ నెలంతా అన్నం తిన్నాక ఆయన చెప్పడం, నేను ప్రతి పెళ్లి పక్కనా ‘యాది’ అనే గడిలో రాయడం. ఒకరోజు పరీక్షగా ‘అలిగిన’ అని వెతికితే సగం డిస్క్ వచ్చి పడింది. “అలగని పెండ్లి ఏడుంటది చెల్లె,” అన్నాడు. “ఎందుకు అలిగిండ్రో రాయి.” అప్పటి నుంచి పత్రికలో పేరు లేదని అలిగిన మామ వేరు, ఫోటోకు పిలవలేదని అలిగిన మేనత్త వేరు. ఒక్క ఫోల్డరు దగ్గర మాత్రం, “గిది నేనే కొడ్త, నువ్వు చాయ్ తాగి రా,” అన్నాడు.

నెల చివర సారే పరీక్ష పెట్టారు. “కుక్క మండపం ఎక్కిన పెండ్లి,” అన్నారు. మా ఇద్దరినీ అడక్కుండా, కొత్తగా చేరిన డ్రోన్ ఆపరేటరు అమ్మాయి వెతికి చూపించింది. చాయ్ చల్లారకముందే దొరికింది. “పక్కా మేడం,” అన్నారు సారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, కానీ ఊరికే తలూపాను.

ఆ సంతోషంలో నా పెళ్లి తేదీ కొట్టి చూశాను. తేదీ, ఆదిలాబాద్, పెళ్లి, రెండో కెమెరా. పక్కన యాది గడిలో నేను రాయని మాటలున్నాయి: ‘కార్డు నిండింది. కెమెరామెన్ కొత్తోడు. మొదటి పెండ్లి. పెండ్లికూతురు అయ్యగారిని ఆపింది. నా కొలువు నిలవడ్డది.’

రెండో కార్డు మొదటి ఫైలు తెరిచాను. ఇంటికిచ్చిన వీడియోలో ఈ ముక్క లేదు. అయ్యగారు విసుగ్గా చూస్తున్నారు. నేను తల వంచకుండా నేరుగా కెమెరాలోకి చూస్తూ, “ఇప్పుడు పడ్తదా అన్నా?” అని అడుగుతున్నాను. కెమెరా వెనక నుంచి వణుకుతున్న గొంతు వినిపించింది. “పడ్తది చెల్లె.”

ఆ గొంతు గల మనిషే ఇప్పుడు నా పక్క కుర్చీలో ఉన్న అన్న. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇన్ని రోజులు చెప్పలేదేంది అన్నా?”

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

“నువ్వు ఎతికితే దొరకాలె గద చెల్లె. దొరికింది.”