పలికాకే స్విచ్చి

మా బావను ఎవరు భోజనానికి పిలిచినా ముందు ఆ ఇంటి లిఫ్టును పలకరించి గానీ పైకి రాడు. తలుపు రెండుసార్లు తెరిచి మూస్తాడు. గడప దగ్గర చెప్పు అంచు ఆనించి ఎత్తు చూస్తాడు. గోడకు చెవి పెట్టి వింటాడు. పైన మేమంతా ఆకలితో నకనకలాడుతుంటే అక్క మాత్రం "వస్తార్లే, చుట్టాన్ని చూస్తున్నారు" అంటుంది.

బావ ఇరవై రెండేళ్లుగా లిఫ్టు మెకానిక్. వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు పైన మోటారు గదిలో ఉంటే ఇంకొకరు కింద గుంతలో ఉంటారు. ఒకరికొకరు కనిపించరు. కరెంటు వేసే ముందు పైనున్నవాడు "ఉన్నావా?" అని కేకెయ్యాలి. కిందివాడు పక్కకు తప్పుకుని "ఉన్నా" అని పలకాలి. ఆ పలుకు వినపడేదాకా, గంటైనా సరే, స్విచ్చి ముట్టుకోకూడదు. ఈ అలవాటు ఇంటికీ పాకింది. గీజరు వెయ్యాలన్నా బావ స్నానాలగది తలుపు దగ్గర నిలబడి కేకేస్తాడు. లోపలి నుంచి అక్క "ఉన్నా మహాప్రభో" అంటుంది. వాళ్ల పెళ్లయిన కొత్తలో నేను పడీ పడీ నవ్వేదాన్ని.

ముప్పై ఎనిమిదో ఏట అక్క మూడోసారి నెల తప్పింది. మొదటి గర్భం అయిదో నెలలోనే పోయింది. రెండోసారి ఏడో నెలలో బీపీ అమాంతం పెరిగి కళ్లు మసకబారాయి. ఆసుపత్రికి పరిగెత్తితే, అక్కను చూస్తున్న పేరుమోసిన డాక్టరమ్మ ఊళ్లో లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీ డాక్టరుకు అక్క ఎవరో తెలియదు, ఆమె కాగితాలున్న బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కింది, సంతోషించమన్నారు. ఆ మాట అన్నవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అందుకే ఈసారి అక్కను ఎవరి చేతిలో పెట్టాలన్నది ఇంట్లో అందరికీ పెద్ద దిగులైంది. తలా ఒక పేరు చెప్పారు. బావ వాళ్లమ్మ ఒక డాక్టరుగారి హస్తవాసి గురించి గంటసేపు చెప్పింది. నేను ఆఫీసులో అడిగి పదకొండు పేర్లు రాసుకొచ్చాను. బావ ఆ జాబితా చూడనైనా చూడలేదు. "నేను వెళ్లి చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

మొదట వెళ్లిన ఆసుపత్రి అద్దంలా ఉంది. డాక్టరు గదికి వెళ్లేలోపే బావ మనసు పారేసుకున్నాడు. అక్కడి లిఫ్టు అంత నున్నగా కదిలింది, ఆగినప్పుడు గడపకూ నేలకూ వెంట్రుకవాసి తేడా లేదు. "చాలు, ఇక్కడే. లిఫ్టును ఇంత బాగా చూసుకునేవాళ్లు మనిషిని చూసుకోరా?" అన్నాడు.

"నేను కనాల్సింది లిఫ్టులో కాదు కదండీ" అంది అక్క.

లోపల డాక్టరుగారు బాగానే మాట్లాడారు. అంతా విన్నాక అక్క ఒకే ఒక్కటి అడిగింది. "మీరు లేనప్పుడు ఏమన్నా అయితే ఎవరు చూస్తారండీ?"

ఆయన నవ్వారు. "నేను లేకపోవడమంటూ ఉండదమ్మా. నా మీద వదిలెయ్యి."

అక్క లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. "పోయినసారి ఆవిడా ఇదే మాటంది" అని మాత్రం చెప్పింది. బావ లిఫ్టు వైపు ఒకసారి దిగులుగా చూసి వెంట నడిచాడు. రెండో చోట డాక్టరమ్మ ఆ ప్రశ్నకు, నమ్మకం లేకపోతే ఎందుకొచ్చారని కసిరింది. నేనూ ఊరుకోలేదు, రెండు మాటలు అనేసి వచ్చాను.

మూడో ఆసుపత్రి పాతది. అక్కడి లిఫ్టు దడదడలాడుతూ వచ్చి, నేలకు మూడంగుళాలు పైన ఆగింది. బావ ముఖం మాడిపోయింది. "పదండి పోదాం. ఈ గడప మీద స్ట్రెచర్ ఎలా ఎక్కుతుంది?" అన్నాడు. అక్క వినకుండా మెట్లెక్కింది.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. పక్కనే ఇంకో డాక్టరు కూర్చుని ఉంది. అక్క తన ప్రశ్న అడిగేలోపే బావ ఉండబట్టలేక, "మీ లిఫ్టు..." అని మొదలుపెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అది ఎనిమిదేళ్ల కింద ఒకసారి మధ్యలో ఆగిపోయింది. లోపల స్ట్రెచర్ మీద నా పేషెంటు ఉంది. పద్నాలుగు నిమిషాలు. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు. ఆ నెలలోనే ఆపరేషన్ గదినీ, చిన్నపిల్లల వార్డునీ కిందికి దింపించాను. కాన్పుకొచ్చిన మనిషిని ఆ లిఫ్టు ఎక్కించం."

అక్క తన ప్రశ్న అడిగింది.

"నేను లేనప్పుడు ఈమె ఉంటుంది. ఒకసారి నేను చూస్తే ఒకసారి తను చూస్తుంది. అవసరమైన రోజున మీకు కొత్తముఖం కాకూడదు కదా. ముప్పై రెండు వారాలలోపే తేడా వస్తే అంత చిన్న బిడ్డను మేం సాకలేం. అనుమానం రాగానే పెద్దాసుపత్రికి మేమే పంపిస్తాం. ఆఖరి నిమిషం దాకా పట్టుకుని కూర్చోం."

కింద వీధిలోకి వచ్చాక బావ వెనక్కి తిరిగి ఆ పాత భవనాన్ని చూశాడు. తర్వాత, "పోయిన బిడ్డ సంగతి దాచకుండా చెప్పింది" అన్నాడు. ఇన్నేళ్లలో లిఫ్టు సంగతి కాకుండా ఆయన ఒక మనిషిని మెచ్చుకోవడం నేను విన్నది అప్పుడే.

ముప్పై అయిదో వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, బీపీ పెరిగింది. పెద్ద డాక్టరమ్మ వాళ్ల తల్లి పోయిందని ఊరెళ్లింది. నాకు పోయినసారి మోగి మోగి ఆగిన ఫోను గుర్తొచ్చింది. కానీ రెండో రింగుకే ఫోనెత్తిన రెండో డాక్టరు అక్కను పేరుపెట్టి పిలిచింది. మేం చేరేసరికి కాగితాలు బల్ల మీద ఉన్నాయి, ఆమె గుమ్మంలో ఉంది.

ఆపరేషన్ గది తలుపు మూసుకుంటుండగా లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. "ఉన్నారా?"

"ఉన్నా" అన్నాడు బావ.

ముప్పావుగంట తర్వాత నర్సు తువ్వాల్లో చుట్టిన ఆడపిల్లను తెచ్చింది. రెండు కిలోలు. వార్డుకు తీసుకెళ్లేముందు ఒకసారి ఎత్తుకోండి అంది. బావ చేతులు చాచలేదు. "ముందు ఆమె పలకాలి" అన్నాడు. కన్నబిడ్డను ఎవరైనా ఇలా ఎత్తుకోకుండా ఉంటారా అని నేను కసిరి, పిల్లను నేనే అందుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో! నాకు ఏడుపు ఆగలేదు. బావ తల తిప్పలేదు, ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాడు.

నర్సుతో వెళ్లి పిల్లను వార్డులో పడుకోబెట్టి వచ్చాను. గంటన్నరకు అక్కను బయటికి తెచ్చారు. కళ్లు మూసి ఉన్నాయి, ముఖం పాలిపోయింది. బావ మంచం పక్కనే నడుస్తూ వంగి, "ఉన్నావా?" అన్నాడు. పలుకు లేదు. మత్తు ఇంకా వదల్లేదు, కాసేపాగండి అని నర్సు చెప్పింది. ఆయన ఆగాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కొంచెంసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ ఆగాడు. నేను నవ్విన ఆ కేకను అప్పుడు వేలు కొరుక్కుంటూ విన్నాను.

నాలుగోసారికి అక్క పెదవులు కదిలాయి.

"ఉన్నా మహాప్రభో."

బావ చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "పద, నా కూతురు ఎక్కడుందో చూపించు" అన్నాడు.