కాలరక్క మోడల్

కాలరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. మెడ దాకా కాలరు, మణికట్టు దాకా చేతులు ఉన్న జాకెట్టు అక్కడ మొదట తొడిగింది ఆవిడే. ఎండలు మండిపోతున్నా ఆడవాళ్లు ఎగబడి కుట్టించుకునేవారు. "ఏ పుస్తకంలో చూసి కుట్టావక్కా?" అనడిగితే నవ్వి ఊరుకునేది.

పుస్తకమూ లేదు, పాడూ లేదు. మొగుడి బెల్టు! లారీ దిగి ఇంటికొస్తే ఆ దుర్మార్గుడి చెయ్యి ఊరుకునేది కాదు. ఒకసారి బెల్టు మెడకు బిగించి, తల గోడకేసి బాదాడు. మర్నాడు పెళ్లికి వెళ్లాలి. మెడ చుట్టూ కమిలిన చార, చేతుల నిండా వాతలు. ఉన్న జాకెట్టుకే కాలరు అతికించి, చేతులు పొడిగించి తొడుక్కుంది. పెళ్లిలో అందరి కళ్లూ దానిమీదే. వారం తిరక్కుండా ఏడు జాకెట్లకు గుడ్డలు వచ్చిపడ్డాయి. తరవాత లారీ బోల్తాపడి మొగుడు పోయాడు, పీడ విరగడైంది. మోడల్ మిగిలింది. ఆవిడకు దానిమీద గర్వం కూడా ఉండేది.

ఒక మిట్టమధ్యాహ్నం చెల్లెలు కుట్టుకొట్టుకు గుడ్డ పట్టుకొచ్చింది. "అక్కా, నాకూ నీ మోడలే కుట్టు."

కాలరక్క ఎవరికైనా కుడిచెయ్యే కొలుస్తుంది. టేపు పట్టగానే చెల్లెలు వెనక్కి లాక్కుంది. "ఎడమది కొలువక్కా."

"నోర్మూసుకుని నిలబడవే!" అని రెండూ కొలిచింది. కుడి దండచెయ్యి అంగుళన్నర ఎక్కువుంది. జాకెట్టు చెయ్యి పైకి నెట్టి చూసింది. వాచి నల్లబడింది.

"తలుపు తగిలింది."

ఈ తలుపు కాలరక్కకు తెలియనిదా? ఒళ్లు మండిపోయింది. ఇంకో మాట అనేలోపు చెల్లెలి మొగుడు లోపలికొచ్చాడు. పెళ్లాం జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె నుదురు మిషను అంచుకు తగిలి చిట్లింది. కొత్తగుడ్డ మీద నెత్తురు కారింది.

"వదలరా!"

"నువ్వు మధ్యలోకి రాకొదినా!" అంటూ వాడు పెళ్లాన్ని తన్నడానికి కాలెత్తాడు.

కాలరక్క కాలుతున్న ఇస్త్రీపెట్టె తీసి వాడి మణికట్టు మీద అదిమింది. చర్మం చుర్రుమంది. వాడు కెవ్వుమని జుట్టు వదిలి, రెండో చేత్తో ఆవిడ గొంతు పట్టాడు. మళ్లీ అదిమింది, ఈసారి మొహం మీద. వాడు గుమ్మానికి గుద్దుకుంటూ, బూతులు తిడుతూ పారిపోయాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే, చచ్చిపోదామనుకున్నావా?" కాలరక్క భోరుమంది.

చెల్లెలు కొంగుతో నుదురు ఒత్తుకుంటూ, "బావ కొట్టేవాడని నాకు తెలుసక్కా. నువ్వు కాలరు కుట్టుకుని దర్జాగా బతికావుగా. నేనూ అలాగే నెట్టుకురావచ్చనుకున్నా" అంది.

కాలరక్కకు అప్పుడు తట్టింది. వీధిలో ఎంతమందికి కుట్టిందో! వాళ్లలో ఎందరి చేతులు వాచి ఉన్నాయో ఏనాడూ అడగలేదు. చెల్లెల్ని బయటికి నడిపించి, కొట్టు తలుపు మూసింది.

"పద, ఆసుపత్రికి పోదాం. అక్కడ నిజం చెప్పు. నీ తరవాత నేనూ నా కాలరు సంగతి చెబుతా."